దివిసీమ అంచున క్షిపణుల రేవు

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ చిక్కిన నేలకే దివిసీమ అని పేరు. అవనిగడ్డ దాటి నాగాయలంక చేరేసరికి వరిచేలు పలచబడతవి, రొయ్యల చెరువులు ఎక్కువవుతవి, గాలిలో ఉప్పు తగలడం మొదలుపెడుతుంది. అక్కడినుంచి ఇంకా దక్షిణానికి పోతే గుల్లలమోద. ఆ వూరికి ఆవల మడఅడవి, అడవికి ఆవల బంగాళాఖాతం. మొన్నమొన్నటివరకూ గుడివాడ రైలుస్టేషనులో నిలబడి గుల్లలమోద ఎక్కడని అడిగితే తెల్లమొగం వేసేవారే ఎక్కువ. ఇప్పుడు ఆ పేరు ఢిల్లీలో గూడా తెలుసు.

2025 మే 2వ తేదీన అమరావతి సభనుంచే ప్రధానమంత్రి నరేంద్ర మోదీ నాగాయలంక క్షిపణి ప్రయోగ క్షేత్రానికి శంకుస్థాపన చేశారు. అంచనా ఖర్చు సుమారు 1,460 కోట్ల రూపాయలు. ప్రయోగ కేంద్రం, సాంకేతిక పరికరాల శాలలు, మన దేశంలోనే తయారైన రాడారులు, ఎగిరే క్షిపణినుంచి సమాచారం అందుకునే టెలిమెట్రీ, దాన్ని కంటితో వెన్నాడినట్లు వెన్నాడే ఎలక్ట్రో ఆప్టికల్ యంత్రాలు అక్కడ వెలుస్తాయని ప్రభుత్వం ప్రకటించింది. దీనికి కర్తలు రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థవారు. మనందరం డీఆర్‌డీవో అని పిలుచుకునే సంస్థ. శంకుస్థాపన అయితే ఒక్కరోజులో అయిపోయింది గాని, ఈ ప్రతిపాదన కాగితాలమీద నలిగింది మాత్రం పదేళ్లకు పైమాటే. అంతకాలం ఎందుకు పట్టిందనేదే ఈ వ్యాసానికి విషయం. ఆ ఆలస్యానికి ప్రధాన కారణాలు మూడు: ఒక చెట్టు, ఒక పిల్లి, ఒక తాబేలు.

బందరుకోట చెప్పే పాఠం

కృష్ణాజిల్లాకు పటాలాలు కొత్త కాదు. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు ముగ్గురూ బందరు రేవుకోసం కొట్టుకున్నవారే. బందరుకోట వూళ్లో లేదు. వూరికి దూరంగా, ఉప్పుచిత్తడి నడుమ వుండేది. శత్రువు ఆ బురదలో దిగలేడని కోట కట్టినవారి ధీమా. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డ్ రాత్రివేళ కోటమీద పడ్డాడు. కెప్టెన్ నాక్సు కింద కొంతమంది సిపాయిలను ఆ బురదవైపునుంచే పంపి ఫ్రెంచివారి దృష్టి మళ్లించి, తాను మరోపక్కనుంచి గోడ ఎక్కాడు. తెల్లవారేసరికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. ఏ చిత్తడిని నమ్ముకుని కోట కట్టారో ఆ చిత్తడే మోసం చేసిందన్నమాట.

తరువాత ఇంగ్లీషువారు అక్కడ తమ పటాలాన్ని వుంచారు. 1809లో ఆ పటాలపు తెల్లదొరలే తమ ప్రభుత్వంమీద తిరగబడి, పై అధికారిని నిర్బంధించారు. అది వేరే కథ. మనకు కావలసింది 1864 నవంబరు 1వ తేదీ రాత్రి. తుపాను అల బందరుమీద విరుచుకుపడి, చుట్టుపక్కల పల్లెలతో కలిపి సుమారు ముప్పయివేలమందిని పొట్టను పెట్టుకున్నదని ఆనాటి లెక్కలు. సముద్రం కోటనూ విడిచిపెట్టలేదు, గుడిసెనూ విడిచిపెట్టలేదు.

ఆ కాలంలో పటాలాన్ని ఎక్కడ దింపాలనే ప్రశ్నకు జవాబు వెదికే తీరు ఒక్కటే: ఆ నేల సైనికుడిని ఏం చేస్తుంది? నీళ్లు మంచివా, జ్వరాలు వున్నవా, ఓడలు దగ్గరకు వస్తవా, శత్రువు ఎటునుంచి వస్తాడు? ఇంతే. సైనికుడు ఆ నేలను ఏం చేస్తాడని అడిగినవాడు లేడు. అడగడానికి ఒక శాస్త్రంగాని, ఒక చట్టంగాని లేదు. ప్రశ్న ఇట్లా తలకిందులు కావడానికి ఇరవయ్యో శతాబ్దం చివరిభాగం రావలసి వచ్చింది.

క్షిపణికి కావలసిన చోటు

క్షిపణి పరీక్షకు ఎటువంటి స్థలం కావాలో ఒకసారి చూద్దాం. ముందు ఖాళీ సముద్రం వుండాలి, ఎందుకంటే పేలినా, గురితప్పినా, పని ముగించి పడిపోయినా అది నీళ్లలో పడాలి. వెనక జనం పలచగా వుండాలి. పరికరాలు మోసుకుపోవడానికి రోడ్డు వుండాలి. క్షిపణి దారిని రెండువైపులనుంచి చూడడానికి తీరం అనుకూలంగా వంపు తిరిగి వుంటే మరీ మంచిది. పటం ముందు పెట్టుకుని చూడండి, సముద్రంలోకి ముక్కు చాచినట్లున్న దివిసీమ ఎందుకు కంటబడ్డదో తెలిసిపోతుంది.

ఒరిస్సాలో బాలాసోరు దగ్గర చాందీపురం వున్నది. అక్కడ ఫిరంగులను పరీక్షించే కేంద్రాన్ని ఇంగ్లీషువారు 1895లో పెట్టారు. కారణం విచిత్రమైనది. ఆ తీరంలో పోటు తీసినప్పుడు సముద్రం కిలోమీటర్ల కొద్దీ వెనక్కు పోతుంది. పేల్చిన గుండును తడి ఇసుకలోంచి మళ్లీ ఏరుకుని పరీక్ష చేసుకోవచ్చు! అక్కడే తరువాత క్షిపణి ప్రయోగ క్షేత్రం వచ్చింది. 1980 దశకంలో దాన్ని విస్తరించడానికి పక్కనే వున్న బలియాపాల్ ప్రాంతాన్ని ప్రభుత్వం కోరితే, తమలపాకు తోటలూ వరిచేలూ వున్న ఆ గ్రామాలవారు దారులకు అడ్డంగా గేట్లు వేసి, ఏళ్ల తరబడి అధికారులను లోపలికి రానివ్వలేదు. చివరకు ఆ పథకం అక్కడ సాగలేదు. ప్రయోగాలు వీలర్ దీవికి జరిగినవి. ఆ దీవికే 2015లో అబ్దుల్ కలాంగారి పేరు పెట్టారు.

మన వైపు చూస్తే, నెల్లూరు సముద్రతీరాన శ్రీహరికోటను 1969లో ఎంచుకున్నారు. అది సైన్యానికి గాదు, అంతరిక్షానికి. అయినా అక్కడి అడవినే నమ్ముకుని బ్రతికిన యానాదులకు స్థలం మారడమంటే ఏమిటో అప్పుడే తెలిసింది. కృష్ణానది అవతలి ఒడ్డున, బాపట్ల దగ్గర సూర్యలంకలో వైమానికదళం వారి స్థావరం వున్నది. 2020 చివర ఆకాశ్ వంటి క్షిపణులను అక్కడే ఎగరవేసి అభ్యాసం చేశారు. అంచేత ఆకాశంలో నిప్పుగీత గీసుకుపోవడం ఈ తీరానికి మరీ కొత్త సంగతి కాదు. బందరులో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్సులో కలిసినప్పటినుంచి, సైన్యానికి చీకట్లో చూసే దుర్భిణులు బందరునుంచే వెళ్తున్నవి. పామర్రు దగ్గర నిమ్మలూరులో అటువంటి పరికరాలకే కట్టిన కొత్త కర్మాగారాన్ని 2025 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. కాబట్టి ఈ జిల్లావారు రక్షణశాఖను చూసి జడుసుకునేవారు కారు. గుడివాడ, బందరు ఇళ్లలో ఈ వార్త విన్న తలిదండ్రులు మొదట తలచుకునేది తమ పిల్లల ఉద్యోగాల సంగతే. అందులో తప్పేమీ లేదు.

అక్కడ ఇప్పటికే కాపురమున్నవారు

గుల్లలమోద దగ్గర ఈ పనికి కోరిన భూమి నాలుగు వందల ఎకరాలకు కాస్త తక్కువ. అది పోరంబోకు కాదు. కృష్ణా అభయారణ్యంతో ముడిపడిన అటవీభూమి. ఆ అభయారణ్యం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. కృష్ణాజిల్లాలో కొంత, నది దాటి ఇప్పటి బాపట్ల జిల్లాలో కొంత. సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ, అడవులదీవి, లంకెవానిదిబ్బ, ఇవన్నీ అందులోని అడవుల పేర్లే.

మడచెట్టును మన రచయితలు పెద్దగా పట్టించుకోలేదు. అందమైన పువ్వు లేదు, తీయని పండు లేదు. కాని దాని బ్రతుకు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఉప్పునీళ్లు తాగి, ఆ ఉప్పును ఆకులమీద చెమటలాగా వదిలేసే తెల్లమడ. బురదలో గాలి ఆడదు గనుక వేళ్లను మేకుల్లాగా పైకి పొడిచి ఊపిరి పీల్చుకునే నల్లమడ. కొమ్మలనుంచి కర్రలు దించి గొడుగులాగా నిలబడే ఉప్పుపొన్న. పాలు కంట్లో పడితే చూపు పోతుందని పల్లెవారు భయపడే తిల్ల. ఈ వేళ్ల సందుల్లోనే రొయ్యపిల్లలూ, చేపపిల్లలూ, మండపీతలూ పెరుగుతవి. సముద్రంలో వేటాడే మత్స్యకారుడికి ఆ అడవి పురిటిగది. అడవి అంచున పీతలు పట్టుకునే యానాది కుటుంబానికి అదే పొలం, అదే బ్యాంకు.

ఆ అడవిలోనే బావురుపిల్లి వుంటుంది. ఇంగ్లీషువారు దీన్ని ఫిషింగ్ క్యాట్ అంటారు. చేపలు పట్టే పిల్లి. ఇంటిపిల్లికి రెండింతలు వుంటుంది. నీళ్లంటే పిల్లికి పడదని మనకు నానుడి. దీనికి మాత్రం నీళ్లే వంటిల్లు. ఒడ్డున కూచుని పంజాతో నీటిని తడుతుంది, చేప పైకి వచ్చిందా, లటుక్కున దూకుతుంది. పొట్టిగా దట్టంగా వున్న లోపలి బొచ్చు దాని ఒంటిని తడవనివ్వదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దానికి పులితోపాటు మొదటి జాబితాలో చోటు. ప్రపంచంలో దీని సంఖ్య తగ్గిపోతున్నదని శాస్త్రజ్ఞులు బెంగపడుతూంటే, మన కృష్ణా, కోరంగి మడఅడవుల్లో అది ఇంకా తిరుగుతున్నది. రాత్రిళ్లే బయటికి వస్తుంది గనుక పక్క వూరివారు గూడా చాలామంది దాన్ని చూసివుండరు.

ఇక తాబేలు. ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేలు జనవరినుంచి ఈ తీరానికి వస్తుంది. చీకట్లో ఇసుకమీదికి పాకివచ్చి, గుంట తవ్వి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, పూడ్చి, వెనక్కు చూడకుండా పోతుంది. ఏడెనిమిది వారాలకు పిల్లలు బయటికి వస్తవి. రాత్రివేళ సముద్రంమీద ఆకాశం నేలమీదికంటె కాస్త తెల్లగా వుంటుంది. ఆ వెలుతురే వాటికి దారి. అటవీశాఖవారు ఈ తీరంలో గుడ్లు ఏరి, కంచెల్లో పొదిగించి, పిల్లలను నీళ్లలో వదులుతూంటారు. దీపాల వెలుగు ఒడ్డున వుంటే ఆ పిల్లలు సముద్రమనుకుని అటువైపే నడిచి, కుక్కలకూ కాకులకూ ఆహారమైపోతవి. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

ఈ ముగ్గురికన్న పెద్ద కాపురస్థుడు మరొకడు వున్నాడు, వాడు జ్ఞాపకం. 1977 నవంబరు 19. ఆ పేరు ఎత్తితే దివిసీమలో ఇప్పటికీ మాట తగ్గుతుంది. అయిదు మీటర్లకు పైగా లేచిన అల పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో కుటుంబాలకు కుటుంబాలు తుడిచిపెట్టుకు పోయినవి. చనిపోయినవారు పదివేలు అన్నారు. అంతకంటె ఎక్కువే అన్నవారూ వున్నారు. మడఅడవి ఎంతటి అలనైనా ఆపేస్తుందని చెప్పడం అబద్ధం. అయితే దట్టమైన అడవి గుండా వచ్చే అల వేగం తగ్గుతుంది, ఎత్తు తగ్గుతుంది, పడవలనూ దూలాలనూ మోసుకురాదు. పదివేలమంది పోయినచోట ఆ తేడా చిన్నదేమీ కాదు. అందుకనే ఈ వూళ్లవారు అడవిలో ఒక ఎకరం తగ్గుతుందంటే చెట్ల లెక్క వేయరు, అల లెక్క వేస్తారు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ అడవిని తినడం క్షిపణితో మొదలు కాలేదు. 1990 దశకంలో రొయ్యల వెర్రి పట్టినప్పుడు కోస్తా పొడవునా చెరువులు మింగిన చిత్తడినేల ముందు ఈ నాలుగు వందల ఎకరాలు ఏ మూలకు? 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరపు కట్టడి ప్రాంతంలో అటువంటి చెరువులు వద్దని తీర్పు చెప్పేవరకూ వచ్చింది వ్యవహారం. పైన కట్టిన ఆనకట్టలు ఒండ్రుమట్టిని ఆపేయడంవల్ల డెల్టా అంచు చాలాచోట్ల కోసుకుపోతున్నదని భూగోళ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అంటే ఇవాళ గట్టిగా కనిపించే నేల రేపు అక్కడ వుంటుందన్న హామీ లేదు. ప్రయోగ వేదిక కట్టే ఇంజనీర్లకు గూడా ఇది తలనొప్పి సంగతే.

అనుమతుల అంచెలు

ఇటువంటి చోట ఏదన్నా కట్టాలంటే చట్టం ఎన్ని గుమ్మాలు ఎక్కిస్తుందో చూడండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యం భూమి తాకాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు కావాలి. ఆ మండలికి అధ్యక్షుడు ప్రధానమంత్రే, కాని పనులు చూసే స్థాయీసంఘానికి పర్యావరణ మంత్రి పెద్ద. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అడవిని అడవికాని పనికి వాడడానికి కేంద్రం రెండు దశల్లో ఒప్పుకోవాలి. 1991లో మొదటిసారి, తరువాత 2011లో, మళ్లీ 2019లో మార్చిరాసిన తీరప్రాంత నిబంధనల ప్రకారం మడఅడవులూ తాబేళ్లు గుడ్లుపెట్టే ఇసుకతిన్నెలూ అన్నిటికన్న కట్టుదిట్టమైన తరగతిలో వున్నవి. దేశరక్షణకు అక్కడ రోడ్డువంటిది వేయక తప్పకపోతే, దెబ్బతిన్న మడకు మూడురెట్లు మడ నాటాలని 2019 నిబంధన. ఇవన్నీ వుండగా 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన కింద పర్యావరణ ప్రభావ మదింపు ఒకటి.

ఆ మదింపులో మామూలుగా ఒక అధ్యాయం వుంటుంది, దాని పేరు ప్రజాభిప్రాయ సేకరణ. కలెక్టరు సభ పెడతారు, షామియానా వేస్తారు, వూరివారు వచ్చి మైకు ముందు నిలబడి తమ గోడు చెప్పుకుంటారు, అది రాసుకుంటారు. సిమెంటు ఫ్యాక్టరీకి ఇది తప్పదు. కాని దేశరక్షణకూ భద్రతకూ సంబంధించిన పనులకు ఆ ప్రకటనలోనే మినహాయింపు ఇచ్చారు. అంటే మదింపు చేసేవారు బావురుపిల్లి పాదముద్రలు లెక్కపెట్టవచ్చు, తాబేలు గుంటలు లెక్కపెట్టవచ్చు. నాగాయలంక రేవులో వల బాగుచేసుకునే మనిషిని సభకు పిలిచి అడగవలసిన పని చట్టప్రకారం లేదు. పిల్లికీ తాబేలుకీ దొరికిన చోటు మనిషికి దొరకలేదని ఎవరన్నా అంటే కాదనడం కష్టం.

రహస్యం వుండాలి, నిజమే. క్షిపణి ఎంత దూరం పోతుందో, ఏం మోస్తుందో సభలో చెప్పమని ఎవరూ అడగరు. అయితే ఏ రోజుల్లో వేటకు పోకూడదు, ఏ కాలవలో పడవ తిప్పకూడదు, రోడ్డు ఎటు వస్తుంది, వాన నీళ్లు ఎటు పోతవి అన్నవి రహస్యాలు కావు. రహస్యం కానిదాన్ని గూడా రహస్యం మూటలోనే కట్టేయడం మన దేశంలోనే గాదు, అన్నిచోట్లా సైనిక కార్యాలయాలకు అలవాటు.

అమెరికాలో ఈ అలవాటును కోర్టులు కొంత మాన్పించినవి. అక్కడ 1970 జనవరి 1న వచ్చిన పర్యావరణ చట్టం ప్రకారం, పటాలాన్ని ఒకచోటినుంచి మరోచోటికి మార్చాలన్నా ముందు ప్రభావాన్ని రాసి ప్రజల ముందు పెట్టాలి. వేరే చోట్లు ఏమేమి చూశారో, అసలేమీ చేయకపోతే ఏమవుతుందో గూడా చెప్పాలి. హవాయి దీవుల్లో స్ట్రైకర్ అనే కవచవాహనాల పటాలాన్ని వుంచి శిక్షణ ఇవ్వాలని సైన్యం 2004లో నిశ్చయిస్తే, అక్కడి ఆదివాసి సంఘాలవారు కోర్టుకెక్కారు. హవాయి బయట మరోచోటు సరిగా ఆలోచించనేలేదని 2006లో న్యాయస్థానం సైన్యాన్ని తప్పుబట్టింది. సైన్యం మళ్లీ కూచుని అలాస్కా, కొలరాడోలతో పోల్చి, 2008లో కొత్త నివేదిక వేసి, తిరిగి హవాయినే ఎంచుకున్నది. అంత శ్రమపడి ఫలితం అదేనా అని మీరు నవ్వవచ్చు. కాని ఆ రెండోసారి రాసిన కాగితాల్లో ఏ కొండకు ఏ నష్టమో, దానికి ఏం చేస్తారో అచ్చయి వున్నది. తప్పితే పట్టుకుని అడగవచ్చు. పోర్టోరికోలోని వియకెస్ దీవి కథ ఇంతకంటె చేదు. అరవై ఏళ్లు నావికాదళం బాంబుల అభ్యాసం చేసిన ఆ దీవిలో 1999లో గురితప్పిన బాంబుకు ఒక కాపలావాడు చనిపోతే జనం తిరగబడ్డారు. 2003 మే 1న దళం వెళ్లిపోయింది. పేలని బాంబులు ఏరడం మాత్రం ఆ తరువాత ఏళ్ల తరబడి సాగుతూనే వచ్చింది.

మన పొరుగున తెలంగాణలో, వికారాబాదు దగ్గర దామగుండం అడవిలో నావికాదళం వారి రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగినప్పుడు గూడా ఇటువంటి వాదమే చెలరేగింది. అక్కడ అడిగింది 2,900 ఎకరాలు.

మంటకన్న రోడ్డుకే భయపడాలి

గుల్లలమోదలో నిజంగా దేనికి భయపడాలి? చాలామంది క్షిపణి మంటకూ మోతకూ భయపడతారు. నా ఉద్దేశంలో అది చివరి భయం. ఘన ఇంధనం మండినప్పుడు అమోనియం పెర్‌క్లోరేట్ అనే ఉప్పునుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి పుడుతుంది, అల్యూమినియం పొడి తెల్లని పొగగా పైకి లేస్తుంది. వేదిక పక్క ఆకులు మాడవచ్చు, దగ్గరి పక్షులు బెదరవచ్చు. కాని ఆ మంట నిమిషాల ముచ్చట, అదీ ఏడాదిలో కొన్ని రోజులే.

రోడ్డు అట్లా కాదు. రోడ్డు పగలూ రాత్రీ, ఏడాది పొడవునా అక్కడే వుంటుంది. మడఅడవికి ప్రాణం చెట్టులో లేదు, చిన్నచిన్న పాయల్లో వున్నది. రోజుకు రెండుసార్లు పోటునీరు లోపలికి వచ్చి, రెండుసార్లు పోవాలి. ఇది మన అటవీశాఖవారికి బాగా తెలుసు. ఎండిపోయిన మడ దిబ్బల్లో చేపముల్లు ఆకారంలో కాలవలు తవ్వి నీళ్లు పారిస్తే, చచ్చిందనుకున్న అడవి మళ్లీ లేచిందని కృష్ణా గోదావరి తీరాల్లో వారే చేసి చూపించారు. కాలవ తవ్వితే బ్రతికే అడవి, కాలవ పూడిస్తే చస్తుంది గదా! రోడ్డు గట్టు కింద చాలినన్ని తూములు పెట్టకపోయినా, ప్రహరీగోడ ఒక పాయకు అడ్డం పడినా, ఒక్క చెట్టు కొట్టకుండానే వందల ఎకరాలు ఎండబెట్టవచ్చు. కాంట్రాక్టరు తూము తగ్గించి మిగిల్చుకునే డబ్బు ఎంత వుంటుందో తెలియదు గాని, నష్టం మాత్రం ఆ లెక్కలో రాదు. మూడురెట్లు నాటతామనడం గూడా కాలవను బట్టే; నీళ్లు పారనిచోట ముప్పయిరెట్లు నాటినా కట్టెలే మిగులుతవి.

రోడ్డు తరువాత దీపం. తాబేలు పిల్ల సంగతి మనసులో పెట్టుకోమన్నాను. కాపలా స్తంభాలమీద తెల్లని పెద్ద దీపాలు రాత్రంతా సముద్రంవైపు వెలిగితే, ఆ ఏడు గుంటల్లో పొదిగిన పిల్లల గతి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. దీనికి మందు ఖరీదైనది కాదు. దీపాన్ని కిందికి వంచి, మూత వేసి, ఎర్రని కాంతి పెట్టడమే. కలాం దీవి పక్కనే గహీర్మఠలో తాబేళ్లు వేలకువేలు గుడ్లు పెడతవి. అక్కడ దీపాలు తగ్గించమని అటవీశాఖవారూ రక్షణశాఖవారూ చాలాకాలం మాట్లాడుకుంటూ వచ్చారు. తాబేళ్లకోసం 2025 జనవరినుంచి మార్చివరకూ ఆ దీవిలో క్షిపణి పరీక్షలే ఆపడానికి డీఆర్‌డీవో ఒప్పుకున్నది. అక్కడ చేసింది ఇక్కడ చేయలేమనడానికి వీలులేదు. సంస్థ ఒకటే, తాబేలు ఒకటే.

మూడోది వేట. చాందీపురంలో పరీక్ష రోజున వేదికకు రెండుమూడు కిలోమీటర్లలో వున్న ఇళ్లవారిని పొద్దున్నే బడులకూ శిబిరాలకూ తరలించి, రోజు కూలి కింద పరిహారం ఇస్తారు. సముద్రంలోకి పడవలు పోకూడదు. నాగాయలంక పక్క ఇదే వస్తే ఎవరికి పరిహారం? మరబోటుకు కాగితం వుంటుంది, యజమాని పేరు వుంటుంది. చిన్న పడవమీద పోయేవాడికి పేరు వుండవచ్చు. మోకాలిలోతు బురదలో పీతల బొరియలు వెదికే యానాది స్త్రీకి ఏ కాగితం వున్నది? ఆమె సముద్రంలోకి పోదు గనుక ఆమె వేట ఆగినట్లు ఎక్కడా లెక్కకు రాదు. పని మొదలయ్యేముందే ఎవరు ఎక్కడ ఏం పట్టుకుని బ్రతుకుతున్నారో ఇల్లిల్లూ రాసుకోవడం ఒక్కటే దారి. అది క్షిపణి తయారుచేయడంకన్న చాలా సులువు.

ఇక పరీక్షలకు రోజులు ఎంచుకోవడం వున్నది. దీనికి పంచాంగం ముందు పెట్టుకుని కూచోవాలి. జనవరినుంచి మార్చి తాబేళ్ల కాలం. మాఘపౌర్ణమికి హంసలదీవి సంగమానికి వేలమంది స్నానాలకు వచ్చేదీ అప్పుడే. జూన్ 15నుంచి పడవలన్నీ వేటమీద వుంటవి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుపానుల నెలలు. ఆ నెలల్లో వూరివారిని ఇళ్లు వదలమని రెండు వేర్వేరు శాఖలవారు రెండు వేర్వేరు కారణాలు చెబితే, నిజంగా అల వచ్చే రోజున ఎవరి మాటా వినకపోయే ప్రమాదం వున్నది. మిగిలింది ఏప్రిల్ 15నుంచి జూన్ 14వరకూ వుండే 61 రోజుల వేట నిషేధం. తూర్పుతీరం పొడవునా మరబోట్లన్నీ అప్పుడు ఒడ్డునే కట్టివుంటవి. కడపటి తాబేలు పిల్లలు గూడా మే నెల మధ్యకల్లా చాలావరకు నీళ్లు చేరివుంటవి. పరీక్షల్లో ఎక్కువభాగం ఆ రోజుల్లోనే పెట్టుకుంటే, ఆగిపోయే పడవలూ తక్కువే, ఇవ్వవలసిన పరిహారమూ తక్కువే. రోహిణీకార్తె ఎండలో దివిసీమ ఇసుకమీద నిలబడి యంత్రాలు సరిచూసుకోవడం శాస్త్రజ్ఞులకు కాస్త కష్టం. గొడుగులు తెచ్చుకోవలసి వుంటుంది.